కాకుల గుంపుకి కొత్త పేరు కావాలా?

బందరు కాలవ: ఇంగ్లీషోళ్లు కాకుల గుంపుని ‘మర్డర్’ అంటారు, సింహాల గుంపుని ‘ప్రైడ్’ అంటారు. 1486లో అచ్చయిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలోనే (వేట గురించిన ఇంగ్లీషు పుస్తకం లెండి) ఇలాంటి పేర్లు ఉన్నాయి. మనమూ సరదాగా పెట్టుకుందామా? నా వంతు: కాకుల తిరునాళ్ల, గుడ్లగూబల అసెంబ్లీ.

పల్నాటి పుంజు: ఉన్నవి చాలండీ. గొర్రెల మంద, మిడతల దండు, చీమల బారు, కోతిమూక. మందని తోలతారు, దండు వచ్చి పడుతుంది, బారు సాగుతుంది. చేసే పని పేరులోనే ఉంది. కోతలయ్యాక డెల్టా చేలల్లో తిరిగే బాతుల్ని మంద అనే అంటాం, వెనక కర్రతో తోలేవాడు ఉంటాడు గనక. మిడతల్ని తోలేదెవరు? ఇక గుడ్లగూబ చాలావరకు ఒంటరిగానో జంటగానో ఉండే పిట్ట, మీ అసెంబ్లీకి కోరం కూడా ఉండదు. తిరునాళ్ల అంటారా, తిరునాళ్లకి పేరుపడ్డ కోటప్పకొండ మీదే కాకి వాలదని చెప్పుకుంటారు, ఆ పేరు కాకులకా!

ఉప్పలపాడు గట్టు: పుంజుగారి లెక్క ప్రకారమే కొత్తవీ కుదురుతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్ని చూడండి. ఎదిగిన కొంగ దాదాపు అరవదు. గూటి దగ్గర ముక్కు రెండు భాగాల్నీ టపటపా కొడుతుంది, అచ్చం చిడతలే. కాబట్టి ‘కొంగల భజన’. భజన సాగుతుంది కూడా.

పల్నాటి పుంజు: కొంగజపం అంటే ఇప్పటికే దొంగభక్తి. దాని పక్కన భజన పెడితే జనం తిట్టనుకుంటారు.

ఉప్పలపాడు గట్టు: జపం ఒంటరి కొంగది సార్, నీళ్లలో కదలకుండా చేప కోసం నిలబడేది. భజనకి పదిమంది కావాలి. కలవవు.

బందరు కాలవ: సరే, తిరునాళ్ల ఎత్తేశా. కరెంటు తీగ తగిలి ఒక కాకి చస్తే చుట్టుపక్కల కాకులన్నీ చేరి అరుస్తాయి కదా, ‘కాకుల సంతాపసభ’ అందామా?

పల్నాటి పుంజు: సభ కూడుతుంది, ఒప్పుకున్నా. ‘సంతాప’ మాత్రం తీసెయ్యండి. అంత పొడుగు పేరు ఎవరి నోటా నిలవదు. పైగా అది సంతాపమో, ‘ఇక్కడ ప్రమాదం ఉంది’ అనే హెచ్చరికో!

బందరు కాలవ: మరి మా బెజవాడ దోమలకి?

ఉప్పలపాడు గట్టు: సాయంత్రం తల మీద గుంపుగా తిరిగేవాటికి ‘మేళం’ పెట్టుకోవచ్చు. అలా గుమిగూడేవి ఎక్కువగా మగదోమలు, అవి కుట్టవు. కుట్టేది ఆడదోమ, అది మేళంలోకి జత కోసం కాసేపే వస్తుంది.