తెల్ల స్టెమ్ కనపడగానే ‘వైట్ ఆల్ప్స్’ అనేయొచ్చా?

పాతమీటలు (పెరంబూర్):

పోయిన శనివారం చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక పాత సామాన్ల కొట్లో 700 ఇచ్చి కీబోర్డు తెచ్చుకున్నాను. చుట్టలు తిరిగిన లావు వైరు, ఐదు పిన్నుల గుండ్రటి కనెక్టర్. మీట మీది మూత, అంటే కీక్యాప్ లాగితే కింద తెల్ల స్టెమ్ (నొక్కినప్పుడు కిందికి జారే ముక్క), దాని మధ్యలో పొడవాటి గాడి, నొక్కితే టిక్కుమంటోంది. ఫొటో తీసి మన గ్రూపులో పెడితే రెండు నిమిషాల్లో ఐదుగురు ‘వైట్ ఆల్ప్స్, అదృష్టవంతుడివి’ అన్నారు. వైట్ ఆల్ప్స్ అంటే జపాన్‌కి చెందిన ఆల్ప్స్ కంపెనీ చేసిన, మంచి ధర పలికే పాత క్లిక్ స్విచ్. హౌసింగ్ మీద, అంటే స్విచ్ పై తొడుగు మీద, ఏం రాసి ఉందని అడిగినవాళ్లు లేరు. నిజానికి నా దాని మీద ఏమీ రాసి లేదు.

ఇదే నా గొడవ. రంగు చూసి పేరు పెట్టడం మనం మానెయ్యాలి. ఆల్ప్స్ వాళ్లవే తీసుకోండి. 1990లో వచ్చిన ఆపిల్ ఎక్స్‌టెండెడ్ కీబోర్డ్ 2లో ఎక్కువగా క్రీమ్ రంగు స్టెమ్ ఉంటుంది, ఆ స్టెమ్‌కి చిన్న రబ్బరు ముక్కలు ఉండటం వల్ల చప్పుడు బాగా తగ్గుతుంది. తెల్లది క్లిక్ చేస్తుంది. ముప్పై ఏళ్లకి తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కాక ఫొటోలో రెండూ ఒకలాగే కనపడతాయి. ఇక తైవాన్‌లో ఆల్ప్స్ నమూనా చూసి చేసినవి ఎన్నో, వాటిలో తెల్లవి కోకొల్లలు.

రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర ‘బ్లూ ఆల్ప్స్’ అని 6,500 పెట్టి కొన్నాను. వచ్చాక తెరిస్తే అవి ఎస్.ఎం.కె. అనే వేరే కంపెనీ వాళ్ల నీలం స్విచ్‌లు, మాంటెరే బ్లూ అంటారే, అవి. ఆల్ప్స్ కీక్యాప్ దాని మీద సరిగ్గా కూర్చుంటుంది, లోపలి మెకానిజం మాత్రం పూర్తిగా వేరు. అవి చెడ్డవని కాదు, నాకు నచ్చాయి కూడా. కానీ నేను డబ్బు కట్టింది వేరే పేరుకి. అందుకే అడుగుతున్నా, కనీసం ఒక్క స్విచ్ అయినా తెరిచి చూడకుండా పేరు చెప్పకూడదని మనం ఒక నియమం పెట్టుకుందామా?

ప్లేట్_మౌంట్ (వేళచ్చేరి):

నీ బాధ అర్థమైంది తమ్ముడూ, నియమానికి మాత్రం ఒప్పుకోను. తెరవడం అంత తేలికైన పనిలా రాస్తున్నావు. ఆల్ప్స్ రకాలకైతే సరే, ప్లేట్‌లో (స్విచ్‌లని పట్టి ఉంచే పలకలో) ఉండగానే రెండు పక్కలా నొక్కి పై హౌసింగ్ తియ్యొచ్చు. చెర్రీ కంపెనీ ఎం.ఎక్స్. రకం అలా కాదు, మామూలు ప్లేట్‌లో బిగించి ఉంటే క్లిప్పులకి ప్లేట్ అడ్డం వస్తుంది, సోల్డర్ పీకాల్సిందే. ముప్పై ఐదేళ్ల బోర్డు మీద వేడి కాస్త ఎక్కువైతే రాగి గీత లేచిపోతుంది, అప్పుడు పేరు దొరుకుతుంది గానీ కీబోర్డు పోతుంది. నా చేతిలో అలా ఒకటి పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆల్ప్స్‌కైనా దుమ్మే పెద్ద శత్రువు, మన ఊరి గాలిలో టేబుల్ మీద తెరిచిపెట్టి ఫొటోలు తీస్తూ కూర్చుంటే లోపలికి ఏం పోతుందో ఆలోచించు.

తెరవకుండా ఎంత తెలుస్తుందో ముందు అది చెయ్యాలి. వెర్నియర్ పెట్టి ప్లేట్‌లో రంధ్రం కొలువు. ఎం.ఎక్స్. అయితే 14 మిల్లీమీటర్ల చతురస్రం, ఆల్ప్స్ అయితే 15.5కి 12.8. ఇది రంగులాగా మోసం చెయ్యదు. తర్వాత బోర్డు వెనక కాళ్లకి మల్టీమీటర్ పెట్టి మీట నొక్కు. బీప్ వస్తే లోపల లోహం లోహానికి తగులుతోందని అర్థం, లోహం తగలకుండానే పనిచేసే కెపాసిటివ్‌కీ హాల్ ఎఫెక్ట్‌కీ అలా రాదు. వెనక లేబుల్ చూడు. అమెరికాకి తయారై ఇక్కడికి పాత సరుకుగా వచ్చినవాటి మీద ఎఫ్.సి.సి. (అక్కడి ప్రభుత్వ అనుమతి సంస్థ) ఐడీ ఉంటుంది, అందులో మొదటి అక్షరాలు ఎవరి పేరున అనుమతి తీసుకున్నారో చెబుతాయి. ఐ.బి.ఎం. మోడల్ ఎం. అయితే పార్ట్ నంబరు, తయారీ తేదీ రెండూ లేబుల్ మీదే ఉంటాయి, దాన్ని విప్పే అవసరం ఏముంది?

కౌంటర్_నంబర్_4 (టి. నగర్):

నేను కలెక్టర్‌ని కాదు, బ్యాంకులో ఇరవై రెండేళ్లు కౌంటర్‌లో టైపు చేసి రిటైర్ అయినవాణ్ణి. మాకు ఉన్నవి ఇక్కడి కంపెనీవే, టీవీఎస్ గోల్డ్. వాటిలో చెర్రీ ఎం.ఎక్స్. బ్లూ ఉండేదని మా అబ్బాయి చెప్పాకే తెలిసింది. పేరు తెలియకపోయినా పక్క కౌంటర్‌లో వేరే కీబోర్డు పెడితే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి ఇది మాది కాదని. చేతికీ చెవికీ ఉన్న అనుభవాన్ని మీరిద్దరూ లెక్కలోకే తీసుకోవడం లేదు.

అబ్బాయి ఒకసారి విప్పి చూపించాడు. బ్లూలో స్టెమ్ రెండు ముక్కలు, కింది తెల్ల ముక్క జారి కొట్టుకుంటే టక్ వస్తుంది, అది ప్లాస్టిక్ చప్పుడు. ఆల్ప్స్‌లో పల్చటి రేకు విరుచుకుని టిక్కుమంటుంది. ఈ తేడా చెవికి తెలియదంటే నేను నమ్మను.

పాతమీటలు (పెరంబూర్):

కౌంటర్ గారూ, మీరు చెప్పిన తేడా నూటికి నూరు నిజం, చెర్రీ బ్లూనీ ఆల్ప్స్ వైట్‌నీ చెవి విడదీస్తుంది. నా ఇబ్బంది ఆల్ప్స్‌నీ, ఆల్ప్స్‌లా చేసినదాన్నీ విడదీయడంలో. రెండింట్లోనూ రేకే ఉంటుంది. పైగా ఆ చప్పుడులో ప్లేట్, కీబోర్డు డబ్బా, లోపల పేరుకున్న మట్టి అన్నీ కలిసి ఉంటాయి. బాగా వాడేసిన అసలు ఆల్ప్స్ కంటే, డబ్బాలోంచి కొత్తగా తీసిన నకలు హాయిగా మోగొచ్చు. మీ చేతికి ఇరవై రెండేళ్లు ఒకే స్విచ్ అలవాటు కాబట్టి అంత గట్టిగా చెప్పగలిగారు, నాకు దొరికేవి ఒక్కోటి ఒక్కో రకం.

ప్లేట్ అన్నా, లేబుల్ సంగతి. లేబుల్ కీబోర్డు గురించి చెబుతుంది, లోపలి స్విచ్ గురించి చాలాసార్లు చెప్పదు. ఫోకస్ ఎఫ్.కె. 2001 మోడల్‌లో అసలు వైట్ ఆల్ప్స్ ఉన్నవీ ఉన్నాయి, వేరే స్విచ్‌లు వేసినవీ ఉన్నాయి. 1987 నాటి ఆపిల్ ఎక్స్‌టెండెడ్‌లోనే ఆరెంజ్ ఆల్ప్స్ వచ్చింది, సాల్మన్ (గులాబీ ఛాయ) ఆల్ప్స్ వచ్చింది. రంధ్రం కొలత కూడా నకలుని పట్టదు, ఎందుకంటే నకలు చేసినవాడు అదే రంధ్రంలో కూర్చునేలాగే చేస్తాడు కదా.

సెకండ్‌హ్యాండ్_సరుకు (సౌకార్‌పేట):

అమ్మేవాళ్ల తరఫున నేను మాట్లాడతాను. ఫొటోకాపీని జిరాక్స్ అంటాం, ఏ వనస్పతినైనా డాల్డా అనేవాళ్లం. అలాగే గాడి స్టెమ్ ఉన్న ప్రతిదాన్నీ ఆల్ప్స్ అంటే కొంప మునిగిపోతుందా? కీక్యాప్ పడుతుంది, టిక్కుమంటుంది, అడిగినవాడికి అది చాలు. నెలకి నలభై కీబోర్డులు వస్తాయి నాకు, ఒక్కోదాన్నీ విప్పుతూ కూర్చుంటే పూట గడవదు.

ప్లేట్_మౌంట్ (వేళచ్చేరి):

ఈ ఒక్క విషయంలో నేను తమ్ముడి వైపే. జిరాక్స్ కొట్టుకి వెళ్లినవాడికి కాగితం కావాలి, ఏ మిషనైనా పరవాలేదు. ఇక్కడ మనిషి ఆ మిషన్ కోసమే వస్తున్నాడు. 700కి అమ్ముతూ ఆల్ప్స్ అంటే నేను పట్టించుకోను, 6,500 చెప్పినప్పుడు ఆ పేరుకి బాధ్యత తీసుకోవాలి. నలభై విప్పక్కర్లేదు, ఎక్కువ ధర పెట్టేదాన్నే విప్పండి. లేదంటే ‘ఆల్ప్స్ మౌంట్’ అని రాయండి, ఆ మాట అబద్ధం కాదు, కీక్యాప్ ఏది పడుతుందో కూడా దాన్ని బట్టే తెలుస్తుంది.

తెరవడం గురించి నా మాట కొంచెం మార్చుకుంటున్నా. ఆల్ప్స్ రకం అయితే ఒక్కటి తెరవండి, అది కూడా ఎవరూ వాడని మీట. స్క్రోల్ లాక్ గానీ పాజ్ గానీ. ముందు బ్లోయర్‌తో పైనంతా ఊది, రేకు ఎటు తిరిగి ఉందో తీసేముందే ఫొటో తీసుకోండి, తిరగేసి పెడితే క్లిక్ పోతుంది. ఎం.ఎక్స్. రకాన్ని మాత్రం పేరు కోసం డీసోల్డర్ చేయించే నియమం పెడితే ఒప్పుకోను.

పాతమీటలు (పెరంబూర్):

సరే, నియమం ఆల్ప్స్ రకాల వరకే. అన్న చెప్పినట్టే నిన్న రాత్రి ఫ్యాన్ ఆపి, తెల్ల గుడ్డ పరిచి, పాజ్ మీట తెరిచాను. భయపడుతూనే చేశాను, క్లిప్పు విరగలేదు.

అసలు పాత ఆల్ప్స్‌లో, అంటే మనం కాంప్లికేటెడ్ అనే రకంలో, కాంటాక్టులు విడిగా ఒక చిన్న డబ్బా లాంటి ముక్కలో మూసి ఉంటాయి, స్విచ్‌ప్లేట్ అంటారు, దాన్ని ట్వీజర్‌తో పైకి లాగొచ్చు. నా దాంట్లో అది లేదు. కాంటాక్టు రేకులు నేరుగా కింది హౌసింగ్‌లోనే నిలబెట్టి ఉన్నాయి, ఒక పక్క క్లిక్ రేకు, మధ్యలో స్ప్రింగు, అంతే. కాబట్టి ఇది సింప్లిఫైడ్ రకం. ఇలాంటివి తర్వాత్తర్వాత ఆల్ప్స్ వాళ్లూ చేశారు, నకళ్లు చేసినవాళ్లూ దాదాపు అందరూ ఈ దారే పట్టారు. పైన గానీ లోపల గానీ లోగో లేదు, లోగో లేనంత మాత్రాన ఫలానావాడి నకలని రాసే హక్కూ నాకు లేదు. ఐదుగురు చెప్పిన వైట్ ఆల్ప్స్ ఏ ధరకి పోతుందో ఆ స్విచ్ మాత్రం ఇది కాదు.

మూసేశాక పాజ్ మీట మళ్లీ టిక్కుమంది, మిగతావాటి కంటే కాస్త శుభ్రంగా కూడా. దీన్ని నేను అమ్మను, అయినా కింద చీటీ అంటించాను: ‘ఆల్ప్స్ మౌంట్, సింప్లిఫైడ్, తెల్ల స్టెమ్, క్లిక్కీ, తయారీ తెలియదు, పాజ్ మీట తెరిచి చూశాను.’ సౌకార్‌పేట అన్నా, ఈ చీటీ రాయడానికి నాకు పావుగంట పట్టింది. ఈ శనివారం మీ కొట్టుకి వస్తాను, ధర ఎక్కువ పెట్టిన రెండు మూడు ఉంటే పక్కన పెట్టండి, నేనే కూర్చుని విప్పి రాసిస్తాను.