లెగ్‌హీమోగ్లోబిన్‌ను తెలుగులో ఏమందాం?

ఇంటర్ చదివే మా అన్న కూతురికి బోటనీ తెలుగులో వివరిస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. గుంపులో పెద్దలు దారి చూపించాలి.

మొదటిది లెగ్‌హీమోగ్లోబిన్, అంటే కంది, వేరుశనగ లాంటి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే ఎర్రటి ప్రోటీన్. "లెగ్ అంటే కాలు కదా బాబాయ్, మొక్కకు కాలంటే వేరనా?" అని అడిగింది. ఆ పిల్ల ఊహ నాకు ఎంతో నచ్చింది గానీ, ఆ లెగ్ లెగ్యూమ్‌లోంచి తుంచిన ముక్క. సరే, లెగ్యూమ్‌కి తెలుగేమిటి? అపరాలంటే కంది, పెసర, మినుము వస్తాయి, వేరుశనగ రాదు. పచ్చిరొట్టకు చల్లే జనుము, జీలుగు అసలే రావు. కానీ వీటన్నిటి వేళ్లకూ బుడిపెలుంటాయి, వాటిలో ఈ ప్రోటీన్ ఉంటుంది. శింబి అనే సంస్కృత మాట ఉంది. అది వాడితే ముందు శింబి అంటే ఏమిటో చెప్పుకోవాలి.

రెండోది ప్రాణవాయువు, అది ఇంకా చిక్కు. నోట్సులో "ప్రాణవాయువును మోసే ప్రోటీన్" అని ఉంది. కింద వాక్యంలోనే "ప్రాణవాయువు తగిలితే నైట్రోజినేజ్ పాడవుతుంది" అని ఉంది. నైట్రోజినేజ్ అంటే గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైమ్. ప్రాణం పోసే వాయువు పాడుచేయడమేమిటని పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

వ్యాఖ్య:
మాది అనంతపురం వైపు అండీ, శనక్కాయ పండించే ఇల్లు. పాఠం చెప్పే ముందు ఒక మొక్క పీకి చూపించండి. వాన పడ్డాక నెమ్మదిగా పెకలిస్తే పక్కవేళ్లు మొలిచే చోట్ల ఆవగింజంత గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. ఊడలు వేరు, ఇవి వేరు. ఊడలు పైన పూల నుంచి దిగి కాయలవుతాయి, ఇవి వేరుకే అంటుకుని ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే గోరు గులాబీ రంగవుతుంది. ఆ రంగు మీరు అడిగిన ప్రోటీన్‌దే. లోపల తెల్లగా ఉంటే ఆ బుడిపె పని చేయడం లేదన్నమాట. ముదిరిపోతే ఆకుపచ్చగా మారుతుంది. ఇంకో సంగతి, టమాటా, వంగ వేళ్లకు నులిపురుగుల వల్ల వచ్చే ఉబ్బులనూ బుడిపెలనే అంటారు. కూరగాయల రైతుతో "బుడిపెలు మంచివి" అంటే కంగారు పడతాడు. నులిపురుగు ఉబ్బు వేరులో భాగం, గీకితే రాదు. పప్పుజాతి బుడిపె గోటితో గీకితే ఊడి వస్తుంది.

వ్యాఖ్య:
హీమోగ్లోబిన్‌లో 'హీమ్' గ్రీకులో నెత్తురు. మొక్కకు నెత్తురేమిటని పిల్లలు తడబడతారు. మన రక్త శబ్దం ఇక్కడ ఆదుకుంటుంది. సంస్కృతంలో దాని మొదటి అర్థం రంగు పట్టినది, ఎర్రనిది. రక్తచందనం అంటున్నామంటే ఆ చెట్టులో నెత్తురుందని కాదు కదా. అలాగే ఇదీ.

మళ్లీ నేను:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. మీ మాటలు పట్టుకుని పాఠం మళ్లీ చదివాను. ఇప్పుడు నా అభిప్రాయం ఖాయమైంది.

1939లో జపాన్‌లో కుబో అనే ఆయన సోయా బుడిపెల్లోని ఈ ఎర్ర పదార్థం హీమ్ ఉన్న ప్రోటీనని తేల్చారు. ఎరుపుకి కారణం హీమ్ మధ్యలో ఉన్న ఇనుము, మన రక్తంలోలాగే. హీమ్‌ను పట్టుకుని ఉండే గ్లోబిన్ అనే ప్రోటీన్ భాగాన్ని మొక్కే తయారు చేస్తుంది, బ్యాక్టీరియా కాదు. గాలిలోని నత్రజనిని పట్టే పని మాత్రం లోపలి రైజోబియం బ్యాక్టీరియాది. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు (కణాలు శక్తి కోసం వాడే అణువులు) ఖర్చవుతాయి. అంత శక్తి రావాలంటే బ్యాక్టీరియా ఊపిరి పీల్చాలి, అంటే ఆక్సిజన్ కావాలి. ఆ ఆక్సిజనే విడిగా తిరిగితే నైట్రోజినేజ్‌ను చెడగొడుతుంది.

ఈ ప్రోటీన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, విడిగా తిరిగేది వేల రెట్లు తగ్గేలా చూస్తూ, బ్యాక్టీరియాకు కావలసింది కొద్దికొద్దిగా అందిస్తూ ఉంటుంది. 2005లో లోటస్ జపోనికస్ అనే మొక్కలో దీన్ని తయారు కాకుండా ఆపి చూస్తే, బుడిపెలు వచ్చాయి గానీ నత్రజని పట్టడం ఆగిపోయింది.

అందుకే "మోసే" అన్న మాట చాలదు. "పట్టి ఉంచి అందించే ప్రోటీన్" అనాలి. ప్రాణవాయువు అన్న మాటను ఈ ఒక్క పాఠంలో పక్కన పెట్టాలి. అది చక్కని మాటే, ఆసుపత్రి వార్తల్లో దానికి సాటి లేదు. కానీ పేరులోనే మంచిదని తీర్పు ఉంది కాబట్టి ఇక్కడ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆమ్లజని అనవచ్చు, నత్రజనికి జతగా వినసొంపుగా ఉంటుంది. పిల్లలకు ఆక్సిజన్ ఇంకా తేలిక.

పేరు సంగతికొస్తే, పరీక్షలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే రాయనిద్దాం. పాఠం మొదట్లో మాత్రం "బుడిపె ఎరుపు" అందాం. శనక్కాయ చేలో గోటికి అంటేది అదే కదా. నిన్న సాయంత్రం మా అన్న కూతురికి ఈ మాట చెప్తే, "మరి ఆకుపచ్చగా మారినదాన్ని ఏమంటాం?" అంది. దానికి మాట దొరకలేదు. మీ వైపు రైతులు ముదిరిన బుడిపెకు ఏదైనా పేరు వాడతారా? బుడిపె అంటారా, బొడిపె అంటారా? ఊరి పేరుతో సహా చెప్పండి, రాసుకుంటాను.