స్కిజోఫ్రెనియాకి కొత్త మందులు ఎందుకు రావట్లేదు?

రాజోలు రైతు: మా తమ్ముడు ఓలాంజపిన్ వాడుతున్నాడండి. చెవిలో మాటలు తగ్గాయి. కానీ ఒళ్ళొచ్చేసింది, షుగర్ మొదలైంది. చేలోకి రాడు, ఎవరైనా పలకరించినా పలకడు. 1952లో క్లోర్‌ప్రోమజిన్ వాడకం మొదలైతే ఇప్పటికీ మెదడులో కబుర్లు మోసే ఆ డోపమైన్ రసాయనాన్నే అడ్డుకుంటున్నారు. పాత మాత్రలు అమ్ముడుపోతుంటే కంపెనీలకి కొత్తవెందుకు?

కాకినాడ పీజీ, సైకియాట్రీ: ప్రయత్నించలేదనడం అన్యాయమండి. మీరు చెప్పిన ఆ పలకకపోవడం, ముడుచుకుపోవడం తగ్గుతాయనే రోష్ కంపెనీ వాళ్ళు బిటోపెర్టిన్ తెచ్చారు. 2014లో దెబ్బతింది. మెదడులో గ్లైసిన్ అనే రసాయనాన్ని పెంచే అదే దారిలో ఆలోచనాశక్తి కోసం వచ్చిన ఐక్లెపెర్టిన్ 2025లో మూడో దశ పరీక్షల్లో పోయింది. 2023లో ఉలోటరాంట్ అనే మందు కథ ఇంకా చిత్రం: పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ బాగానే తగ్గింది, తేడా తేలలేదు. షుగరుకైతే రక్తపరీక్ష ఉంది. ఇక్కడ పేషెంటు చెప్పింది విని మేం మార్కులు వేయడమే. ఎలుకకి చెవిలో మాటలు వినిపిస్తున్నాయో లేదో ఎవడు చెప్తాడు?

భీమవరం మెడికల్స్: సర్పగంధ మొక్క మనదే కదండీ! 1931లోనే కలకత్తాలో సేన్, బోస్ గార్లు పిచ్చికి పనిచేస్తుందని రాశారు.

కాకినాడ పీజీ: అందులోంచి వచ్చిన రెసర్పిన్ కూడా డోపమైన్ నిల్వల్ని ఖాళీ చేసేదే. పైగా బీపీ పడిపోతుంది.

తణుకు మాస్టారు: ఉన్న క్లోజపిన్‌నే సరిగ్గా వాడటం లేదు. 1988 పరీక్షలో, వేరే మందులకి లొంగనివాళ్ళలో 30 శాతానికి దీనితో తగ్గింది, క్లోర్‌ప్రోమజిన్‌తో 4 శాతానికే. తెల్లకణాలు పడిపోతాయేమోనని మొదట్లో వారం వారం రక్తపరీక్ష. ఆ తిరుగుడికి భయపడే చాలామంది వెనక్కి తగ్గుతున్నారు.

కాకినాడ పీజీ: నిజమే మాస్టారూ, కానీ ఈ కేసులో కాదు. మాటలు తగ్గాయిగా. క్లోజపిన్ కూడా ఒళ్ళూ షుగరూ పెంచేదే. రైతు గారూ, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. షుగర్ సంగతి మీ డాక్టరుకి చెప్పి, మార్చగలరేమో అడగండి. డోపమైన్ రిసెప్టర్ (డోపమైన్ అతుక్కునే చోటు) జోలికి పోని జానోమెలిన్-ట్రోస్పియంకి 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. జానోమెలిన్ 1990లలో అల్జీమర్స్ కోసం చూసిందే, వాంతులతో మూలపడింది. మెదడులోకి పెద్దగా వెళ్ళకుండా, మిగతా ఒంట్లో దాన్ని అడ్డుకునే ట్రోస్పియం జతచేసి ఆ బాధ తగ్గించారు.

రాజోలు రైతు: ఎన్నాళ్ళు చూసి ఇచ్చారండీ అనుమతి?

కాకినాడ పీజీ: ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసింది అయిదేసి వారాలే. ఏడాది వేసి చూసిన వాటిలో ఆ పోలిక లేదు.

రాజోలు రైతు: మావాడు జీవితాంతం మింగాలి కదండీ. అయిదు వారాల లెక్క నాకు చాలదు.