బస్సు ఫైబర్ ప్యానెళ్లకూ టేకు పనికీ కలిపి ఒకే ఫైవ్ యాక్సిస్ కొనొచ్చా?

బెజవాడ ఫైబర్:
మాది విజయవాడ ఆటోనగర్. ఒక షెడ్డులో బస్సులకు గ్లాస్ ఫైబర్ ముందు భాగాలు, లోపలి ప్యానెళ్లు చేస్తాం. పక్క షెడ్డులో టేకు తలుపులు, కుర్చీలు. ఇప్పుడు ఉన్నది ఒక త్రీ యాక్సిస్ రౌటర్, అంటే టూల్ మూడు దిక్కుల్లో కదులుతుందే గానీ వంగని కంప్యూటర్ కోత మెషిన్. మోల్డులు (అచ్చులు) తీయడానికి కావాల్సిన ప్యాటర్న్లు, తలుపుల మీద నగిషీ దాంతోనే నడుస్తున్నాయి. ప్యానెళ్ల అంచులు మాత్రం ఇప్పటికీ కుర్రాళ్లు చేతి గ్రైండర్‌తోనే కోస్తున్నారు. రెండు షెడ్ల పనీ చేసేలా, తల వంచి, తిప్పి కూడా కోసే ఫైవ్ యాక్సిస్ ఒకటి తీసుకుందామని నా ఆలోచన. మా బావ ఒప్పుకోవడం లేదు. ఆ డబ్బుకి త్రీ యాక్సిస్‌లు నాలుగైదు వస్తాయి, పనిని సరిగ్గా పట్టి ఉంచే జిగ్గులు కట్టుకుందాం అంటాడు. లోనుకు వెళ్లే ముందు మీ మాట వినాలని ఉంది. మొహమాటం లేకుండా చెప్పండి.

టేకు మేస్త్రీ:
మీ బావగారి మాటే నా మాట అండీ. ఫైవ్ యాక్సిస్ అమ్మేవాళ్లు డెమోలో కుర్చీ వెనక కాలు చూపిస్తారు, రెండు వైపులా వంపు ఉంటుంది కాబట్టి. త్రీ యాక్సిస్ మీద ఒక ముఖం కోసి, పిన్నుల జిగ్గులో తిప్పి పెట్టి రెండో ముఖం కోస్తే అదే కాలు వస్తుంది. మీరు తిప్పి పెట్టే లోపు పక్క మెషిన్ కోస్తూనే ఉంటుంది. నాలుగింట్లో ఒకటి ఆగితే మూడు నడుస్తాయి. ఉన్న ఒక్క ఫైవ్ యాక్సిస్ తల చెడిందంటే రెండు షెడ్లూ ఆగుతాయి, దాన్ని బాగుచేసే మనిషి ఊరు దాటి రావాలి.

ఇక కచ్చితత్వం అంటారా, 100 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు ముప్పావు మిల్లీమీటరు దాకా మారుతుంది. వేసవిలో బిగించిన తలుపు వానల్లో పట్టేయడం మనకు తెలియనిది కాదు. చెక్కే అంత కదులుతుంటే, మిల్లీమీటరులో వందో వంతు కోసం అంత డబ్బు పోయడం ఎందుకు? మలుపు తిరిగే మెట్ల రెయిలింగులే రోజూ చేసేవాళ్లయితే నేనూ కొనమనే చెప్పేవాణ్ని. మీ పని అది కాదు.

మోల్డు షాపు:
చెక్క వరకు మేస్త్రీ గారితో నాకు పేచీ లేదు. కానీ ఆయన ఫైబర్ సంగతి వదిలేశారు. నేను హైదరాబాద్ చెర్లపల్లిలో కాంపోజిట్ (ఫైబర్, రెసిన్ కలిపి చేసే) పనిలో ఉన్నాను, అక్కడి లెక్క చెప్తాను.

చెక్కను బల్ల మీద పరచొచ్చు. బస్సు ముందు భాగాన్ని పరచలేం. అది కొద్ది మిల్లీమీటర్ల మందం ఉన్న పెంకు, పైగా రెండు దిక్కుల్లో వంపు. హెడ్‌లైటు కన్నం ముందుకి చూస్తుంది, వైపర్ కన్నం ఏటవాలుగా ఉంటుంది, పక్క అంచు ఇంకో దిక్కు. ప్రతి కన్నమూ ఆ చోట ఉపరితలానికి నిట్టనిలువుగా పడాలి. త్రీ యాక్సిస్‌లో టూల్‌ని తిప్పే స్పిండిల్ కిందికే చూస్తుంది కాబట్టి ఒక్కో దిక్కుకి ఒక్కో జిగ్గు కావాలి. జిగ్గు మార్చిన ప్రతిసారీ కొంత తేడా చేరుతుంది. అవన్నీ కలిసి లైటు బిగించే రోజు బయటపడతాయి. అప్పుడు మళ్లీ ఆకురాయి పట్టుకోవాల్సిందే.

మోల్డు పనిలోనూ తేడా ఉంది. లోతైన గోడ పక్కన కోయాలంటే, స్పిండిల్ గుద్దుకోకుండా టూల్‌ని పొడుగ్గా బయటికి పెట్టాలి. అదే మందం టూల్ రెట్టింపు పొడవు బయటికి వస్తే, అదే ఒత్తిడికి 8 రెట్లు వంగుతుంది. తల వంచగలిగితే పొట్టి టూల్‌తోనే గోడ దాకా వెళ్లొచ్చు. మొన గుండ్రంగా ఉండే బాల్ నోస్ టూల్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. నిలువుగా దించితే సరిగ్గా మొన దగ్గర వేగం సున్నా. 12 మిల్లీమీటర్ల టూల్ నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే బయటి అంచు నిమిషానికి 678 మీటర్ల వేగంతో కోస్తుంది. మొన మాత్రం కోయదు, రుద్దుతుంది. మీ ప్యాటర్న్ల మీద చదునుగా ఉన్న చోట గరుకు చారలు కనిపిస్తున్నాయా? తల కొంచెం వంచి కోస్తే చాలావరకు పోతాయి. సాండింగ్ పని అక్కడే తగ్గుతుంది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యం ఆ గ్రైండర్. ఫైబర్ అంచు కోసే కుర్రాడి చేతులు సాయంత్రానికి ఎలా ఉంటాయో మీకు తెలుసు. మెడ కింద, మోచేతి మడతల్లో ఒకటే దురద, స్నానం చేసినా పోదు. ఎండాకాలంలో మాస్కు పెట్టుకుని రోజంతా ఎవరుంటారు? తలుపులు మూసి, డస్టు లాగే గొట్టం పెట్టిన మెషిన్‌లో కోస్తే ఆ పొడి చాలావరకు మనిషి ఊపిరిలోకి పోదు. ఏ లోను కాగితంలోనూ ఈ లెక్క ఉండదు. నేనైతే దాన్నే మొదట వేస్తాను.

పోస్ట్ ప్రాసెసర్:
నేను క్యామ్ ప్రోగ్రామర్‌ని, మెషిన్ ఎలా కదలాలో కంప్యూటర్‌లో రాసేవాణ్ని. ఇద్దరూ మెషిన్ గురించే మాట్లాడుతున్నారు, ప్రోగ్రామ్ రాసేది ఎవరు? త్రీ యాక్సిస్ నడిపే కుర్రాడు ఫైవ్ యాక్సిస్ ప్రోగ్రామ్ రాయడానికి నెలలు పడుతుంది. ప్రోగ్రామ్‌ని ఆ మెషిన్ భాషలోకి మార్చే పోస్ట్, గుద్దుకుంటుందో లేదో ముందే చూపించే సిమ్యులేషన్ ధరలో లేకపోతే మీ కొటేషన్ సగమే. కొన్న చాలామంది తలను ఒక కోణంలో బిగించి త్రీ యాక్సిస్ లాగానే వాడుతుంటారు. కన్నాలకు అది చాలు. వంపు తిరిగే అంచుకి మాత్రం ఐదూ కలిసి కదలాలి.

డెమోకి వెళ్తే ఒక పరీక్ష అడగండి. స్పిండిల్‌లో మాస్టర్ బాల్ (కచ్చితంగా గుండ్రంగా ఉండే బంతి) పెట్టించి, చిన్న కదలికను కూడా సూదితో చూపే డయల్ గేజ్ దానికి ఆనించండి. టూల్ మొనను ఒకే చోట నిలిపే ఆర్‌టీసీపీ ఆన్ చేసి తలను 90 డిగ్రీలు వంచమనండి, తర్వాత చుట్టూ తిప్పమనండి. తల ఎటు తిరిగినా బంతి కేంద్రం కదలకూడదు. తల తిరిగే కేంద్రం నుంచి టూల్ మొనకి 300 మిల్లీమీటర్లు ఉంటే, 0.01 డిగ్రీ తప్పు కూడా మొన దగ్గర 0.05 మిల్లీమీటరు అవుతుంది. మీ ప్యానెల్‌కి అది చాలా తక్కువే. సూది అర మిల్లీమీటరు కదిలిందంటే మాత్రం లేచి వచ్చేయండి.

టేకు మేస్త్రీ:
కుర్రాళ్ల ఊపిరి సంగతి కాదనను. దానికి ఫైవ్ యాక్సిస్ ఒక్కటే దారా? డస్టు లాగే గొట్టమున్న చేతి టూల్స్ ఉన్నాయి, వాటిని రేపే కొనొచ్చు. రోబో చెయ్యికి రౌటర్ తగిలించి అంచులు కోసేవాళ్లూ ఉన్నారు, ఖర్చు బాగా తక్కువ. బస్సు ప్యానెల్‌కి మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఎవరూ వెనక్కి పంపరు. పైగా ఫైవ్ యాక్సిస్ కొన్నా జిగ్గు తప్పదు. ఆ పెంకుని గాల్లో పట్టుకుని కోయలేరు కదా.

మోల్డు షాపు:
జిగ్గు మాట నిజం. ప్యానెల్ ఆకారానికి అచ్చంగా సరిపోయే, గాలి లాగి పట్టి ఉంచే వ్యాక్యూమ్ ఫిక్చర్ ఒకటి చేసుకోవాలి. కానీ ఒక ప్యానెల్‌కి ఒక్కటే, దిక్కుకొకటి కాదు. డస్టు లాగే టూల్స్ ఈ వారమే కొనండి, అందులో వాదన లేదు. రోబో కూడా తీసిపారేసేది కాదు. అంచుల వరకే అయితే చూడొచ్చు. చెయ్యి చాచినకొద్దీ బిగువు తగ్గుతుంది కాబట్టి మోల్డులు, ప్యాటర్న్లు దాంతో చేయాలంటే కష్టం.

ఫైబర్ అన్నా, మీ ప్రశ్నలో నాకు అసలు నచ్చనిది ‘కలిపి’ అన్న మాట. గాజు పొడి, టేకు పొట్టు ఒకే మెషిన్‌లో, ఒకే డస్టు సంచిలో పడితే రెండూ పాడే. గాజు కలిసిన పొట్టుని ఎవరూ కొనరు, పొయ్యిలో వేయకూడదు. పాలిష్‌కి వెళ్లే తలుపు మీద గాజు నూక ఉంటే గుడ్డతో తుడిచినప్పుడల్లా గీత పడుతుంది. రేపు కార్బన్ ఫైబర్ ఆర్డర్ వస్తే ఇంకా జాగ్రత్త, దాని పొడిలో కరెంటు పారుతుంది. మెషిన్ కరెంటు బోర్డులోకి దూరితే మోటార్లు నడిపే డ్రైవ్‌లు కాలిపోతాయి. టూల్స్ కూడా వేరు. చెక్కకి పదునున్న మామూలు కార్బైడ్ చాలు, గాజు దాన్ని త్వరగా అరగదీస్తుంది కాబట్టి డైమండ్ కావాలి. ఫైబర్‌కి ఫైవ్ యాక్సిస్ కొనండి. టేకు షెడ్డుకి ఉన్న త్రీ యాక్సిస్ ఉంచి, మేస్త్రీ గారు చెప్పిన జిగ్గులు కట్టండి. రెండు షెడ్లకూ పంచి లెక్క వేస్తేనే వాయిదా కట్టగలం అనుకుంటే మాత్రం ఇప్పుడు కొనకండి. ఫైబర్ పని ఒక్కటే దాని వాయిదా మోయాలి.

బెజవాడ ఫైబర్:
డస్టు సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. బావకి చూపించాను, ఫైబర్ షెడ్డు లెక్క విడిగా వేద్దామని ఒప్పుకున్నాడు. మా పెద్ద ప్యానెల్ వెడల్పు 2.4 మీటర్లు. కొటేషన్‌లో ఆ దిక్కు ప్రయాణం, అంటే తల కదలగల దూరం, 2.6 మీటర్లు అని ఉంది. సరిపోతుంది కదా?

పోస్ట్ ప్రాసెసర్:
సరిపోదండీ. పక్క అంచు కోసేటప్పుడు తల పూర్తిగా పడుకుంటుంది. అప్పుడు తల కేంద్రం ప్యానెల్ బయట ఉండాలి, టూల్‌తో కలిపి ఒక్కో పక్క 350 నుంచి 400 మిల్లీమీటర్లు పోతాయి. 2.4 మీటర్లకి రెండు పక్కలా కలుపుకుంటే 3.2 అవుతుంది. ఎత్తులో ప్రయాణం కూడా ఇలాగే చూడాలి, ఫిక్చర్ ఎత్తు, ప్యానెల్ లోతు, నిలువుగా ఉన్న తల, టూల్ పొడవు అన్నీ కలిపి. అమ్మేవాళ్లకి మీ ప్యానెల్ ఫైల్ పంపి, వాళ్ల మెషిన్ మీదే మొత్తం అంచు కోసే సిమ్యులేషన్ చూపించమనండి. అది చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.