ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చి: గడ్డిలో ఆ ఇనుప పట్టా ఏంటి?

ప్రశ్న: నిన్న అమ్మానాన్నలకి ఈ చర్చి చూపించాను. ఆవరణలో, గడ్డిలో తుప్పు పట్టిన పట్టా ఒకటి ఏటవాలుగా దిగబడి ఉంది. "ఎవరో పని సగంలో వదిలేశారు" అన్నారు నాన్న. ఏంటది?

జవాబు: ట్రామ్ పట్టా అండీ. 1941 గుడ్ ఫ్రైడే రోజు బాంబు పడితే, వీధిలోంచి ఇళ్ల మీదుగా ఎగిరొచ్చి దిగింది. చర్చి బతికిపోయింది. గుర్తుగా అలాగే ఉంచేశారు.

జవాబు: లోపల తిమింగలం ఎముక చూశారా? బ్రిస్టల్ నుంచి ఉత్తర అమెరికాకి ఓడలో వెళ్లిన నావికుడు జాన్ కాబట్, ఆ 1497 యాత్ర నుంచి తెచ్చాడంటారు. అన్నట్టు, 1446లో పిడుగుపడి కూలిన శిఖరం పూర్తయింది 1872లో. మన కాంట్రాక్టర్లే నయం!

ప్రశ్న అడిగినవారు: అయ్యో, ఎముక చూడలేదు. నాన్న అప్పుడే చెప్పులేసుకుంటున్నారు.