బీచ్ రోడ్డు వార్ మెమోరియల్ మనల్ని ఎలా మార్చింది? మీ అనుభవాలు రాయండి

వాల్తేరువాసి: ఆర్కే బీచ్ దగ్గర 'విక్టరీ ఎట్ సీ' 1996 నుంచి ఉంది. బయటి ఊళ్లో ఎవరైనా "మీదే ఊరు?" అంటే "నేవీ ఉన్న వైజాగ్" అని గర్వంగా చెప్తాం కదా, ఆ గర్వంలో ఈ స్మారకం వాటా ఎంత? ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం చూసినవాళ్లుంటే అదీ చెప్పండి.

సింధియా జంక్షన్: నేవీలో చేసి రిటైరయ్యాను. ఢిల్లీది 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు. అమర, వీరతా, త్యాగ, రక్షక అని నాలుగు చక్రాలు. త్యాగ చక్రంలో గ్రానైట్ మీద పాతికవేలకు పైగా పేర్లు చెక్కారు. ఒక పెద్దావిడ వేళ్లతో తడుముతూ ఒక్కో పేరూ చదువుకుంటూ పోవడం చూశాను. ఇక్కడ విజయం కనిపిస్తుంది, అక్కడ పేర్లు కనిపిస్తాయి. 1971 డిసెంబర్ 9న, పాకిస్తాన్‌తో యుద్ధంలో, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగితే 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. సముద్రంలో పోయినవాడికి సమాధి ఉండదు బాబూ. ఇంటివాళ్లకి ఆ పేరే దిక్కు.

జాలారిపేట కుర్రోడు: మా తాత చెప్పేవోడు, ఆ యుద్ధం రోజుల్లో ఊరంతా దీపాలు ఆర్పీసి ఉండీవోరంట. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పేలిన రాత్రి పెద్ద సప్పుడైతే ఇంట్లో గిన్నెలు కదిలిపోయాయంట. మాకు వార్ మెమోరియల్ కంటే ఆ కథే ముందు తెలుసు. నేవీ డే అంటే ఘాజీ మునిగిన రోజేగా?

ఎంవీపీ టీచరమ్మ: మా స్కూల్లో పిల్లలూ అదే అంటారు, వాళ్ల అమ్మానాన్నలూ అదే అంటారు. డిసెంబర్ 4 నేవీ డే అయింది కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్లు చేసిన దాడికి గుర్తుగా. ఘాజీ మునిగింది దానికి ముందు రాత్రి, 3-4 తేదీల మధ్య. తేదీలు పక్కపక్కన పడేసరికి ఊరు మొత్తం పండగని తన ఖాతాలో వేసేసుకుంది! ఇంకోటి. ఘాజీని మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నేవీ చెప్తుంది, ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ చెప్తుంది. పిల్లలకి రెండూ చెప్తాను. ఒకరిద్దరు తల్లిదండ్రులకి నచ్చలేదు. "శత్రువు మాట పిల్లలకెందుకు టీచర్?" అన్నారు.

జాలారిపేట కుర్రోడు: ఘాజీలో ఉన్న 93 మందీ మన సముద్రంలోనే ఉండిపోయారు కదండీ. వలేసేటప్పుడు అది గుర్తొస్తే అదోలా ఉంటాది.

గాజువాక 66: నా గొడవ వేరు. 1966 నవంబర్ 1న 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్నందుకు ఇక్కడ కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది పోయారు. ఎంతమందికి ఒక్క పేరైనా తెలుసు? మా నాన్న నిర్వాసితుడు, ఫ్యాక్టరీకి భూమి ఇచ్చాడు. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంకి, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియంకీ ఊరంతా బంధువుల్ని తీసుకెళ్తుంది. ఉక్కు కోసం పోయినవాళ్ల దగ్గరికి ఎవర్ని తీసుకెళ్లాలి? ప్రైవేటీకరణ మాట వచ్చినప్పుడే వాళ్లు గుర్తొస్తారు.

సింధియా జంక్షన్: ఒప్పుకుంటాను. నేవీకి రాయీ ఉంది, ఏటా పూలదండా ఉంది, బ్యాండూ ఉంది. ఉద్యమానికి నినాదమే మిగిలింది. అయితే ఆ నినాదం తెలియని ఇల్లు ఈ ఊళ్లో లేదు, అది కూడా చూడండి.

గాజువాక 66: నినాదం ఉంటే చాలదు సార్. పేర్లు కావాలి. మీరు ఢిల్లీలో చూసిన పెద్దావిడలాంటివాళ్లు మా వైపూ ఉన్నారు.

వాల్తేరువాసి: టీచర్‌గారూ, ఈసారి పిల్లల్ని బీచ్ రోడ్డుకి తెస్తే గాజువాక అన్నని కూడా పిలవండి. ఉక్కు కథ ఆయనతోనే చెప్పిద్దాం.

ఎంవీపీ టీచరమ్మ: తప్పకుండా. సోమవారం మాత్రం వద్దు, కుర్సురా సెలవు.