‘జూలీ అండ్ ద ఫాంటమ్స్’ 9 ఏళ్ల పాపకి చూపించొచ్చా?

పద్మజ_కూకట్‌పల్లి:
నెట్‌ఫ్లిక్స్‌లో ఈ సీరీస్ కావాలని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. పాపకి 9, బాబుకి 13. వాళ్ల నాయనమ్మ పోయి నాలుగు నెలలైంది. పైకి పాటలూ జోకులూ, లోపల అమ్మ పోయిన పిల్ల కథ అంటున్నారు. దెయ్యాలకన్నా ఆ దుఃఖం సంగతే నా అనుమానం. పూర్తిగా చూసినవాళ్లు ఎక్కడ ఏముందో చెప్తారా?

సీరీస్_పిచ్చోడు:
2020 సెప్టెంబరులో వచ్చింది. 9 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట అటూ ఇటూ. ‘హైస్కూల్ మ్యూజికల్’ తీసిన కెన్నీ ఒర్టేగాదే, కాబట్టి పాటలకి లోటు లేదు. 1995లో లాస్ ఏంజెలెస్‌లో పెద్ద కచేరీకి ముందు పాడైన హాట్‌డాగ్‌లు తిని ముగ్గురు కుర్రాళ్లు పోతారు. 25 ఏళ్ల తర్వాత జూలీ వాళ్లమ్మ స్టూడియోలో దొరికిన సీడీ పెట్టగానే ఊడిపడతారు. రక్తాలు, వికృతమైన మొహాలు లేవు.

భయం ఉన్నదల్లా కేలబ్ అనే గారడీ దెయ్యంతోనే. కుర్రాళ్ల మణికట్టు మీద ముద్ర వేస్తాడు, ఇక షాక్ కొట్టినట్టు ఉండుండి నొప్పితో విలవిల్లాడతారు. చివరి ఎపిసోడ్‌లో వాడు బతికున్న కుర్రాడి ఒంట్లో దూరతాడు. దెయ్యం పట్టడం గురించి ఇంట్లో కబుర్లు విన్న పిల్లయితే ఆ రాత్రి నిద్రపోదు. రెండో సీజన్ రద్దయింది కాబట్టి తర్వాత ఏమైందో చూపించి ఊరుకోబెట్టే దారీ లేదు. ఆ చివరి రెండు నిమిషాలు కట్ చేసేయండి. 8వ ఎపిసోడ్ కూడా దాటించేస్తే మేలు, ఏడిపిస్తుంది.

పిల్లల_కౌన్సెలర్:
8వది దాటించమంటే ఒప్పుకోను. ఈ సీరీస్‌లో దుఃఖాన్ని నిజాయితీగా చూపించింది అక్కడే. ఆ ముగ్గురు కుర్రాళ్లలో లూక్ అనేవాడు అమ్మతో గొడవపడి ఇల్లు వదిలిపోయాడు, రాజీపడకుండానే చనిపోయాడు. అమ్మ కోసం అతను రాసుకున్న పాట కాగితాన్ని జూలీ తీసుకెళ్లి అతని అమ్మానాన్నల చేతిలో పెడుతుంది. అతను పక్కనే నిలబడి ఉంటాడు, వాళ్లకి కనిపించడు. నాయనమ్మని ఎప్పుడో విసుక్కున్న మాట 13 ఏళ్ల బాబు మనసులో ఉంటే, అది బయటికొచ్చేది ఇక్కడే. మీరు పక్కన ఉండాలి, ఫోన్ పక్కన పెట్టి.

పాప విషయం వేరు. పోయినవాళ్లు తిరిగి రారని 9 ఏళ్లకి మామూలుగా తెలుస్తుంది. 5, 6 ఏళ్లవాళ్లకి అది ఇంకా పూర్తిగా అందదు, వాళ్లకి ఇది వద్దు. అయితే తెలిసిన పిల్ల కూడా కొత్త దుఃఖంలో ‘నాయనమ్మ పాట పెడితే తనూ వస్తుందా?’ అని అడుగుతుంది. సూటిగా చెప్పండి: రాదు, ఇది కల్పించిన కథ, నాయనమ్మ ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. జూలీ వాళ్లమ్మ కూడా దెయ్యంగా తిరిగి రాదు, అది గుర్తుచేయండి. ఇంట్లో ఎవరైనా ‘నిద్రపోయింది’, ‘ఊరెళ్లింది’ అని చెప్పి ఉంటే సీరీస్ పెట్టకముందే సరిచేయండి. లేకపోతే నిద్రంటేనే భయం పట్టుకుంటుంది.

సంవత్సరీకం దాకా ఆగాలనేమీ లేదు. నాయనమ్మ మాటెత్తితే పాప కబుర్లు చెప్తోందా, లేచి వెళ్లిపోతోందా చూడండి. వెళ్లిపోతుంటే ఇంకొన్నాళ్లు ఆగండి.

పద్మజ_కూకట్‌పల్లి:
ఫొటో చూసి కబుర్లు చెప్తుందండీ, ఏడవదు. అయితే వరసగా చూసేస్తారేమోనని భయం.

రిమోట్_రాజా:
బ్రౌజర్‌లో అకౌంట్‌లోకి వెళ్లి, పిల్లల ప్రొఫైల్ తీసి, ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఆటోప్లే తీసేయండి. టీవీలో మార్పు కనిపించకపోతే ఇంకో ప్రొఫైల్‌కి మారి వెనక్కి రండి. మీరు లేనప్పుడు పెట్టకూడదంటే అదే ప్రొఫైల్ పేరెంటల్ కంట్రోల్స్‌లో సీరీస్ పేరు టైప్ చేస్తే అదొక్కటే ఆగిపోతుంది. మీ ప్రొఫైల్‌కి పిన్ పెట్టడం మర్చిపోకండి, 13 ఏళ్లవాడు ముందు దూరేది అందులోకే.